మంత్రిగారూ, పిల్లలకు పరగడుపు షుగర్ ఒక్కటే చూస్తే చాలదు

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను జిల్లా కేంద్రంలో ఒక ల్యాబ్ టెక్నీషియన్‌ని. లావుగా ఉన్న పిల్లల్ని అమ్మానాన్నలు పరగడుపున తీసుకొస్తారు. రిపోర్టులో 92 అనో 95 అనో కనబడగానే "నార్మలే కదండీ" అని టెన్షన్ తీరి వెళ్లిపోతారు. మోసమంతా అక్కడే ఉంది.

ఒళ్లు పెరిగిన పిల్లల్లో చాలామందికి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. క్లోమం ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేసి పరగడుపు అంకెను చాలాకాలం నార్మల్‌లోనే ఉంచుతూ నెట్టుకొస్తుంది. గ్లూకోజు నీళ్లు తాగించి చూస్తే సంగతి బయటపడుతుంది. రెండు గంటల తర్వాత 140 నుంచి 199 మధ్య ఉంటే అది ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ. 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో బడి వయసు పిల్లల్లో దాదాపు 10 శాతం మంది ఈ దశలో ఉన్నట్టు తేలింది. అదీ రక్తంలో షుగర్ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షతో.

ఇలాంటి పిల్లల్లోనే బీపీ, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు కూడా పెరుగుతుంటాయి. అమెరికాలోని బొగలూసాలో 1973లో మొదలైన అధ్యయనంలో, చిన్న వయసులోనే చనిపోయినవారి రక్తనాళాలను పరిశీలించారు. బతికుండగా బరువు, బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారి నాళాల్లో కొవ్వు మచ్చలు ఎక్కువగా కనిపించాయి. మనమేమో "బొద్దుగా ఉన్నాడు, దిష్టి తగులుతుంది" అంటున్నాం! మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారితే మట్టి అనుకుని శనగపిండితో రుద్దే తల్లులున్నారు. చాలాసార్లు అది ఇన్సులిన్ పనిచేయడం లేదనడానికి గుర్తు. కాలర్ కాస్త పక్కకు జరిపితే కనిపిస్తుంది, ఏ మిషనూ అక్కర్లేదు.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసేందుకు 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వెళ్తాయి. ప్రైవేటు బడుల గడప తొక్కవు. దయచేసి వాటినీ కలపండి. పదేళ్లు దాటి, బరువు ఎక్కువుండి, మెడ నల్లబడిన పిల్లలకూ, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లున్న పిల్లలకూ హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్షలు ఉచితంగా చేయించండి. పీహెచ్‌సీలో రక్తం తీస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌కు చేర్చే ఏర్పాటు ఎలాగూ ఉంది. గ్లూకోజు పరీక్షకు రెండు గంటలు కూర్చోవాలి కాబట్టి ఏరియా ఆసుపత్రుల్లో వారానికో రోజు కేటాయించండి.

బడి గేటుకు 50 మీటర్లలోపు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020లోనే కేంద్ర నిబంధన వచ్చింది. ఇంటర్వెల్ బెల్లు కొట్టినప్పుడు ఏ బడి ముందు నిలబడినా దాని అమలు ఎలా ఉందో తెలుస్తుంది.

ఇంకొకటి, చిన్నదే. బృందాలకు బీపీ మిషన్‌తో పాటు వేర్వేరు సైజుల పట్టీలు ఇప్పించండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. పిల్లల్ని ఉత్తపుణ్యానికి భయపెట్టినట్టవుతుంది.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్