మన సంఘం వార్షిక నివేదిక 2024: పది చీరల పొడవు పరుగు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది పచ్చడి, దసరా బొమ్మల కొలువు, దీపావళి భోజనాలు ఎప్పట్లాగే జరిగాయి. ఫొటోలు మీ ఫోన్లలో ఉన్నాయి, జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు, పచ్చడిలో వేపపువ్వు మరీ ఎక్కువైందన్న ఫిర్యాదు కూడా రాసిపెట్టుకున్నాం. వాటి గురించి మళ్లీ రాసి మిమ్మల్ని విసిగించను. ఈ ఏడాది మనం కొత్తగా చేసింది ఒక్కటే, అది క్రీడా విభాగం వాళ్లు మొదలుపెట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ లెక్కల తరగతులు. వీటికెవరు వస్తారులే అని ముందుగా అన్నవాణ్ణి నేనే కాబట్టి రాసే బాధ్యత కూడా నామీదే పడింది.

సంగతేమిటంటే, ఆస్టిన్‌లో ఉంటున్నాం, శనివారం మ్యాచ్ ఉందంటే ఊరంతా ముదురు నారింజ రంగు చొక్కాలే, మన పిల్లల్లో కొందరు అదే టెక్సాస్ యూనివర్సిటీలో చదువుతున్నారు, మనమేమో ట్రాఫిక్ ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తూ ఇంట్లో కూర్చుంటాం. ఆట అర్థం కాదంటాం. కానీ స్కోరుకార్డు చదవడం మన తరానికి అన్నం కలుపుకున్నంత అలవాటు కదా, ఆటలోకి ఆ దారిలోనే వెళదామన్నారు మన క్రీడా కార్యదర్శి గారు. నెలకో ఆదివారం ఒక సభ్యుడి గరాజ్‌లో తెల్లబోర్డు, మడత కుర్చీలు, టీ ఫ్లాస్కు, మిరపకాయ బజ్జీలు. మొదటి నెల బజ్జీల కోసం వచ్చినవాళ్లే ఎక్కువ (నాతో సహా).

మొదలుపెట్టింది మైదానం పేరుతో. 2020 నుంచి టెక్సాస్ యూనివర్సిటీ స్టేడియంలో ఆడే నేలకి క్యాంప్‌బెల్-విలియమ్స్ ఫీల్డ్ అని పేరు. ఎర్ల్ క్యాంప్‌బెల్ 1977లో బంతి పట్టుకుని 1,744 గజాలు పరుగెత్తి (దీన్నే రషింగ్ అంటారు) టెక్సాస్‌కి మొదటి హైస్‌మన్ ట్రోఫీ, అంటే ఆ ఏటి మేటి కాలేజీ ఆటగాడి బహుమతి, తెచ్చాడు. రికీ విలియమ్స్ 1998లో 2,124 గజాలు పరుగెత్తి రెండోది తెచ్చాడు. ఇద్దరివీ పదకొండేసి మ్యాచ్‌ల లెక్కలే. బోర్డు మీద భాగించి చూస్తే క్యాంప్‌బెల్ మ్యాచ్‌కి 158.5, విలియమ్స్ 193. అప్పుడే మన పెద్దాయనొకరు వెనక నుంచి "పదకొండు మ్యాచ్‌లేనా? మొన్న మీరు పద్నాలుగు ఆడారన్నారుగా" అన్నారు. నిజమే, 2023 సీజన్‌లో టెక్సాస్ మొత్తం 14 మ్యాచ్‌లు ఆడింది, సీజన్ అంటే జనవరి 1 దాకా సాగింది. అంటే ఇప్పటి కుర్రాడు క్యాంప్‌బెల్‌ని దాటినా అతని కంటే గొప్పగా పరుగెత్తాడని అర్థం కాదు. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే మా తరగతులు పట్టాలెక్కాయని నా లెక్క. అప్పటి నుంచి ఏ అంకె బోర్డు మీద పడినా "ఇందులో ఏమేం కలిపారు?" అని ఎవరో ఒకరు అడగడం ఆనవాయితీ అయిపోయింది.

వేసవిలో జరిగిన క్విజ్ గొడవ అందరికీ తెలుసు, కానీ రకరకాలుగా తెలుసు, కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రికీ విలియమ్స్ కాలేజీ కెరీర్ మొత్తం రషింగ్ గజాలెన్ని అని ప్రశ్న. ఒక జట్టు 6,279 అంది, ఇంకో జట్టు 6,592 అంది. నిర్వాహకుడు మొదటిదే కరెక్టన్నాడు, రెండో జట్టు కుర్చీలు వెనక్కి తోసి లేచింది. చివరికి తేలిందేమిటంటే ఇద్దరి మాటా నిజమే. సీజన్ అయ్యాక ఆహ్వానం మీద ఆడే బౌల్ మ్యాచ్‌లని కాలేజీ ఆటల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ 2002 ముందు వరకు వ్యక్తిగత లెక్కల్లో కలపలేదు. విలియమ్స్ మూడు బౌల్ మ్యాచ్‌లలో 62, 48, 203 గజాలు పరుగెత్తాడు, మొత్తం 313, అవి అధికారిక పుస్తకంలో లేవు. 203 గజాల మ్యాచ్ 1999 జనవరి 1న మిసిసిపీ స్టేట్ మీద ఆడిన కాటన్ బౌల్, అంత ఆట ఆడినా పుస్తకం దృష్టిలో ఆ రోజు అతను మైదానానికే రానట్టు!

ఇందులో అసలు అన్యాయం టెక్సాస్ వాడికి కాదు, విస్కాన్సిన్ యూనివర్సిటీ ఆటగాడు రాన్ డేన్‌కి జరిగింది. విలియమ్స్ రికార్డుని ఏడాది తిరగకుండానే 1999లో దాటి 6,397 దగ్గర నిలిచాడు, బౌల్ మ్యాచ్‌లు కలిపితే 7,125. తర్వాత 2016లో సాన్ డియేగో స్టేట్ డానెల్ పంఫ్రీ 6,405తో దాన్ని దాటేశాడు, అదీ ఎక్కడ? ఒక బౌల్ మ్యాచ్‌లో! ఒకడి బౌల్ గజాలు ఖాతాలోకి రావు, తన బౌల్ గజాల వల్లే ఇంకొకడు ముందుకెళ్తాడు. పంఫ్రీ తప్పేం లేదు, అతను ఉన్న నిబంధనల్లోనే ఆడాడు. కానీ పాత లెక్కలు సరిచేయకుండా కొత్త నిబంధన పెట్టడమేమిటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. దీనికి మన పెద్దాయన ఇచ్చిన జవాబు, లక్ష్మణ్ 1999-2000 రంజీ సీజన్‌లో కొట్టిన 1,415 పరుగులు టెస్టు ఖాతాలో ఎందుకు వేయలేదని ఎవరైనా దెబ్బలాడతారా అని. పోలిక పూర్తిగా కుదరదు (రంజీ వేరే టోర్నీ, బౌల్ మ్యాచ్ అదే జట్టు అదే సీజన్‌లో ఆడేది) కానీ గరాజ్‌లో ఆ క్షణానికి గొడవ చల్లారింది కాబట్టి ఎవరం ఎదురు చెప్పలేదు. క్విజ్ బహుమతి, అంటే పూతరేకుల డబ్బా, రెండు జట్లకీ పంచేశాం.

నిబంధన మారాక లాభపడ్డ టెక్సాస్ ఆటగాడు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) విన్స్ యంగ్. 2005 సీజన్‌లో అతని పేరు మీద 3,036 గజాల పాసింగ్ (బంతి విసిరి తెచ్చినవి), 1,050 గజాల రషింగ్ ఉన్నాయి. ఇందులో 2006 జనవరి 4 రోజ్ బౌల్ ఒక్కటే 267 పాసింగ్, 200 రషింగ్. అది తీసేస్తే అటు మూడు వేలూ లేవు, ఇటు వెయ్యీ లేదు. 19 సెకన్లు మిగిలుండగా ఎనిమిది గజాలు తనే పరుగెత్తి 41-38తో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) మీద గెలిపించిన మ్యాచ్‌ని లెక్కలోంచి తీసేయడానికి ఎవరికి చేతులొస్తాయి చెప్పండి?

మిగతా తరగతుల సంగతి త్వరగా చెప్పేస్తాను. కాలేజీ ఆటలో క్వార్టర్‌బ్యాక్‌ని వెనక్కి పడగొడితే పోయిన గజాలు అతని రషింగ్‌లోంచి తీసేస్తారు, ప్రొఫెషనల్ ఆటలో అలా తీయరు. ఇది విని ఆరో తరగతి పిల్ల "వాడు పరిగెత్తలేదు కదా, ఎందుకు తీయాలి" అంది, మా దగ్గర జవాబు లేదు. టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ 13,253 పాసింగ్ గజాలు, 45 విజయాల మీద ఒక ఆదివారం మొత్తం గడిచిపోయింది. డోంటా ఫోర్‌మన్ 2016లో 2,028 గజాలు పరుగెత్తితే జట్టు మాత్రం 12లో ఏడు ఓడింది. ఆ రోజు గరాజ్‌లో సచిన్, తొంభైలు అన్న మాటలు వినపడకుండా ఉంటాయా! బ్రిట్ హేగర్ 499 ట్యాకిల్స్ (ఎదుటివాణ్ణి పట్టి పడగొట్టడం) యూనివర్సిటీ పుస్తకంలో ఉన్నాయి, కానీ ఎన్‌సీఏఏ రక్షణ విభాగం లెక్కలు అధికారికంగా మొదలుపెట్టింది 2000లో, కాబట్టి అక్కడ వెతికితే దొరకవు.

ఇక థాంక్స్ గివింగ్ వారాంతం. 13 ఏళ్ల తర్వాత టెక్సాస్‌కీ, పాత ప్రత్యర్థి టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకీ మ్యాచ్ మళ్లీ మొదలైన రోజు, నవంబర్ 30. సాయంత్రం మ్యాచ్ టీవీలో చూసే ముందు పార్కులో పిల్లలకి ఏదైనా చేయిద్దామనుకున్నాం. 1998లో ఇదే ఏ అండ్ ఎం మీద విలియమ్స్ 60 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసినప్పుడే టోనీ డార్సెట్ పేరు మీద 22 ఏళ్లుగా ఉన్న 6,082 గజాల కెరీర్ రషింగ్ రికార్డు పోయింది. 60 గజాలంటే ఎంతో పిల్లలకి తెలియాలి. కొలటేపు తెస్తానన్నాయన ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. అప్పుడు మన ఆంటీ ఒకావిడ, "చీర ఆరు గజాలేగా, పది చీరలు పరిస్తే సరి, దానికింత హైరానా ఎందుకు" అన్నారు.

సగం గంటలో చుట్టుపక్కల ఇళ్ల నుంచి పది పాత చీరలొచ్చాయి. మొదట కొంగుకి కొంగు ముడేశాం. అంతా పరిచాక క్రీడా కార్యదర్శి గారు అడుగులేసి చూసి మొహం చిట్లించారు, తక్కువొచ్చింది. ముడి దగ్గర ప్రతిసారీ మూరెడు పైనే పోతోందని అదే ఆంటీ పట్టుకున్నారు. ముడులన్నీ విప్పించి, కొసకి కొస ఆనించి, గాలికి లేవకుండా ప్రతి మూల మీదా పిల్లల బూట్లు పెట్టించారు. గడ్డిలో ఎరుపు, పసుపు, చిలకాకుపచ్చ, ఒక గద్వాల, రెండు మంగళగిరి, మిగతావి సింథటిక్. ఈ చివర నిలబడి చూస్తే ఆ చివరున్న పిల్లాడు బొటనవేలంత ఉన్నాడు. ఒట్టి కాళ్లతో పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు పరుగెత్తారు. చివర్లో ఆ పెద్దాయన కూడా, ఏడో చీర దాకా.

అక్కడే టెక్సాస్ కిక్కర్ రసెల్ ఎర్‌క్స్‌లేబెన్ సంగతీ వచ్చింది. 1977లో రైస్ మీద 67 గజాల నుంచి ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్యలోంచి పంపడం) కొట్టాడు, మన కొలతలో పదకొండు చీరల పైన ఇంకో గజం. అప్పట్లో బంతి కింద చిన్న ఆసరా పెట్టుకోనిచ్చేవారు, 1989 నుంచి అది లేదు. అంతకు ముందు ఏడాదే, 1976లో, ఇదే టెక్సాస్‌లోని అబిలీన్‌లో ఓవే యోహాన్సన్ 69 గజాల నుంచి కొట్టాడు, కానీ అతని కాలేజీ అప్పుడు వేరే సంస్థలో ఉండేది కాబట్టి అది ఎన్‌సీఏఏ పుస్తకానికి ఎక్కలేదు. "ఏమేం కలిపారు?" అని ఈసారి పిల్లలే అడిగారు.

సాయంత్రం మ్యాచ్ టెక్సాస్ 17-7తో గెలిచింది. పులిహోర సరిపోలేదు, క్షమించాలి.

ఒక పొరపాటు కూడా ఒప్పుకోవాలి. ఆ రోజు కట్టిన ఫ్లెక్సీలో 2,124 బదులు 2,214 అని అచ్చయింది. ప్రూఫ్ చూసి సరే అన్నది మేమే కాబట్టి అచ్చు వేసినవాళ్లని ఏమీ అనలేదు. చూసిన కుర్రాళ్లు నవ్వుకున్నారు, ఒకరు మార్కర్‌తో దిద్దారు.

వచ్చే ఏడాది తరగతులు కొనసాగుతాయి, మహిళల వాలీబాల్ లెక్కలు కూడా చేర్చమని అడిగారు, చెప్పేవాళ్లు దొరికితే తప్పకుండా. గరాజ్ ఇచ్చిన సభ్యుడి ఇంటికి చుట్టాలొస్తున్నారట, మార్చి దాకా వేరే చోటు చూసిపెట్టాలి. పరిచిన చీరల్లో మూడు ఇంకా కార్యదర్శి గారి ఇంట్లోనే ఉన్నాయి, అందులో ఆ గద్వాల చీర కూడా. అంచు మీద గడ్డి మరక పడింది, రెండుసార్లు ఉతికించాం, పూర్తిగా పోలేదు. ఎవరిదో వచ్చి తీసుకెళ్లగలరు.