జలాశయాన్ని అడుగుల్లో కాదు, టీఎంసీల్లో గీయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే పత్రికల్లో ప్రాజెక్టుల నీటిమట్టాల బొమ్మలు మొదలవుతాయి. డ్యామ్ గీసి, నీలం రంగు నింపి, పక్కన నీటిమట్టాన్ని అడుగుల్లో రాస్తారు. ఆ నీలాన్ని అడుగుల లెక్కన నింపితే రైతుకు తప్పుడు కబురు వెళ్తుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నిల్వ సుమారు 215 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). మట్టం 854కి దిగిన రోజున అడుగుల లెక్కన బొమ్మ 96 శాతం నిండుగా కనిపిస్తుంది. నిజానికి అప్పుడు ఉండేది సుమారు 89 టీఎంసీలు, అంటే 41 శాతమే. నాగార్జునసాగర్‌దీ అదే తీరు. 590 అడుగుల దగ్గర 312 టీఎంసీలు, 510 దగ్గర 131.

ఇందుకు కారణాలు రెండు. ఈ అడుగులు జలాశయం అట్టడుగు నుంచి కొలిచినవి కావు, సముద్ర మట్టం నుంచి కొలిచినవి. కాబట్టి 885లో 854 ఎంత శాతం అన్న ప్రశ్నకే అర్థం లేదు. రెండోది లోయ ఆకారం. కింద ఇరుకు, పైకి వచ్చేకొద్దీ వెడల్పు. అందుకే పైనున్న 31 అడుగుల్లోనే 126 టీఎంసీలు పడతాయి. కొందరు బొమ్మను సున్నా నుంచి కాకుండా 800 అడుగుల నుంచి మొదలుపెడతారు. దానివల్ల మొదటి తప్పు తగ్గుతుంది గానీ రెండోది అలాగే ఉండిపోతుంది.

పద్ధతి మార్చడం కష్టమేమీ కాదు. టీఎంసీల్లో ఒక నిలువు పట్టీ గీయండి. కాలువలకు వదలడానికి వీల్లేని అట్టడుగు నిల్వను అదే పట్టీలో కింద గీతలతో వేరుగా చూపించండి. దాని పక్కన జూన్ 1 నుంచి మే 31 దాకా నీటి సంవత్సరం మొత్తానికీ ఒక గ్రాఫ్ ఉండాలి. గత పదేళ్లలో ప్రతి తేదీకీ నమోదైన కనిష్ఠ, గరిష్ఠ నిల్వల మధ్య లేత బూడిద రంగు పట్టీ, మధ్యలో మధ్యగతం (పదేళ్ల అంకెలను వరుసగా పేరిస్తే నడుమ వచ్చేది) గీత, దాని మీద ఈ ఏడాది గీత దళసరిగా. నాట్లు వేయాలా ఆగాలా అని ఆలోచించే రైతుకు కావలసింది అదే. ఒక్క నిన్నటి అంకెతో పోలిస్తే ఏమీ తేలదు.

అసలు చిక్కు బొమ్మలను ఆకారాన్ని బట్టి విడదీయడంలో ఉంది. పట్టీ, గీత, గుండ్రం, మ్యాప్ అని అరలు పెట్టుకుంటే, ఖాళీ స్థలంలో ఏది అందంగా ఇముడుతుందో అదే చేతికొస్తుంది. పాఠకుడి ప్రశ్నను బట్టి విడదీయడం మేలు. ఎంత, ఎవరు ముందు, కాలంతో ఎలా మారింది, మొత్తంలో వాటా ఎంత, సాధారణం నుంచి ఎంత తేడా, ఎక్కడ, ఎక్కణ్నించి ఎక్కడికి. ఈ అరల్లో చూస్తే మన పత్రికల్లో అరుదుగా కనిపించే బొమ్మలు చాలా బయటికొస్తాయి. ఒకే బొమ్మ రెండు మూడు అరల్లోనూ ఉండొచ్చు. నెపోలియన్ రష్యా దండయాత్ర మీద 1869లో ఫ్రెంచి ఇంజినీరు మినార్ గీసిన పటంలో 4,22,000 మందితో బయలుదేరిన సైన్యం 10,000కు కరిగిపోవడం పట్టీ వెడల్పులోనే కనిపిస్తుంది. అది ప్రవాహమూ, మ్యాపూ కూడా.

‘ఎక్కణ్నించి ఎక్కడికి’ అన్న అర కృష్ణా నీటికి సరిగ్గా సరిపోతుంది. ఇలా ప్రవాహాన్ని పట్టీల వెడల్పుతో చూపే బొమ్మను సాంకీ చిత్రం అంటారు. ఆవిరి యంత్రంలో వేడి ఎటు పోతోందో చూపడానికి 1898లో సాంకీ అనే ఇంజినీరు గీసిన బొమ్మ వల్ల వచ్చిన పేరు. జూరాల నుంచి, తుంగభద్ర వైపు నుంచి శ్రీశైలంలోకి వచ్చే నీరు, పోతిరెడ్డిపాడు, కల్వకుర్తి, హంద్రీనీవాలకు మళ్లేది, సాగర్‌కు వదిలేది, అక్కడి నుంచి కుడి ఎడమ కాలువలకు, చివరికి ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రంలోకి పోయేది, అన్నీ నీటి పరిమాణానికి తగ్గ వెడల్పుతో గీయొచ్చు. ఇందులో తప్పులు జరిగే చోట్లు రెండున్నాయి. క్యూసెక్కులు నీరు పారే వేగం, అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగులన్నది; టీఎంసీలు పరిమాణం. రెంటినీ ఒకే బొమ్మలో కలపకూడదు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది, ఆ లెక్కన ముందే మార్చుకోవాలి. ఇక ప్రతి జలాశయం దగ్గరా వచ్చింది, పోయింది సరితూగాలి. నిల్వ పెరిగితే ఆ పెరుగుదలనూ, ఆవిరైన నీటినీ పట్టీలుగా చూపించాలి. లేకపోతే నీళ్లు మధ్యలో మాయమైనట్టు కనిపించి, రెండు రాష్ట్రాల మధ్య లేనిపోని అనుమానాలకు తావిస్తుంది.

‘ఎక్కడ’ అన్న అరకు వస్తే ఎన్నికల మ్యాప్. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. అందులో హైదరాబాద్ జిల్లా 217 మాత్రమే. కానీ 119 సీట్లలో 15 అక్కడే ఉన్నాయి. 2023లో మజ్లిస్ గెలిచిన 7 సీట్లూ, కాంగ్రెస్‌కు ఆ జిల్లాలో ఒక్కటీ రాకపోవడమూ మామూలు మ్యాప్‌లో ఒక చుక్కలో కలిసిపోతాయి. సీటుకొక సమాన షడ్భుజి పెట్టి గీస్తే ఈ లోపం పోతుంది. హైదరాబాద్ 15తో మొదలుపెట్టి చుట్టూ పేర్చుకుంటూ పోవాలి. అంచుల నుంచి మొదలుపెడితే చివరికి రాజధాని ఇమడదు. ఇరుగుపొరుగు సీట్లన్నీ పక్కపక్కనే రావడం అసాధ్యం, కనీసం జిల్లా ముక్కలు కాకుండా చూసుకుని దాని చుట్టూ దళసరి గీత గీయాలి. తన ఊరు వెతుక్కునే పాఠకుడి కోసం మూలన చిన్న అసలు మ్యాప్ కూడా ఉండాలి. లోపలి పేజీలు నలుపు తెలుపులో అచ్చవుతాయి కాబట్టి గులాబీ, కాషాయం ఒకే బూడిద రంగుగా మారతాయి. షడ్భుజిలో పార్టీ మొదటి అక్షరం వేస్తే సరిపోతుంది.

సీట్ల మ్యాప్ ఎంత బాగా గీసినా ఓట్ల సంగతి చెప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో వైకాపాకు 2019లో దాదాపు 50 శాతం ఓట్లతో 151 సీట్లు వస్తే, 2024లో దాదాపు 39 శాతంతో 11 వచ్చాయి. ఓట్ల శాతానికి ఒక వాలుగీతల చిత్రం (రెండు ఎన్నికల అంకెలను ఒక గీతతో కలిపే బొమ్మ), సీట్ల శాతానికి ఇంకొకటి, ఒకే కొలబద్దతో పక్కపక్కన వేయండి. ఒకదానిలో గీత ఓ మోస్తరుగా వాలితే, రెండోదానిలో 86 శాతం నుంచి 6 శాతానికి పడిపోతుంది.

బడ్జెట్ రోజున వచ్చే ‘రూపాయి రాక, పోక’ బొమ్మ గురించి ఒక్క మాట. నాణేన్ని వాల్చి, మందం చూపిస్తూ గీస్తే మన వైపున్న ముక్క అసలు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. అంకెలు ఎలాగూ పైసల్లోనే ఇస్తారు, పదికి పది గళ్ల చతురస్రం వేసి గడికి పైసా చొప్పున రంగు నింపండి. పాఠకుడు లెక్కపెట్టి సరిచూసుకోగలడు.

పదో తరగతి ఫలితాల్లో జిల్లాల ఉత్తీర్ణత శాతాలను పట్టీలుగా గీస్తే సున్నా నుంచే మొదలవ్వాలి, ఎందుకంటే కన్ను పొడవును పోలుస్తుంది. జిల్లాలన్నీ 80, 98 మధ్య ఉండి తేడా కనబడకపోతే పట్టీలు మానేసి చుక్కలు పెట్టండి. చుక్కల్లో కన్ను చూసేది స్థానాన్ని, అక్కడ కొలబద్ద 75 నుంచి మొదలైనా మోసం ఉండదు. పొడవు కంటే ఉమ్మడి కొలబద్ద మీది స్థానాన్నీ, వైశాల్యం కంటే పొడవునూ మనిషి కచ్చితంగా పోల్చగలడని క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే గణాంకవేత్తలు 1984లోనే ప్రయోగాలతో చూపించారు.

ఈ మార్పులన్నీ ఒకేసారి చేయమనడం లేదు. ముందుగా రాబోయే జూన్ నుంచి ప్రాజెక్టుల బొమ్మను టీఎంసీల్లోకి మార్చండి. బొమ్మ కింద అంకెలు ఏ రోజు, ఏ గంటకు నమోదైనవో కూడా రాయండి. వరద రోజుల్లో ఉదయం 6 గంటల అంకెకూ సాయంత్రపు అంకెకూ చాలా తేడా వస్తుంది.

ఇట్లు,
గణాంకశాస్త్రం బోధించే ఒక పాఠకుడు,
హనుమకొండ