బోటు మరమ్మతు ఎక్కడిదాకా వచ్చిందంటే

జూన్ నెలాఖరు దాకా మన యాట్ (విహార బోటు) ట్రిప్పులు ఆపేశాం. ముందే బుక్ చేసుకున్నవాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పాం, డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తున్నాం. అడ్వాన్సు ఉంచుకోండి, తర్వాత వస్తాం అన్నవాళ్ళకి పాత రేటే. పిల్లలకి వేసవి సెలవులు, విశాఖకి చుట్టాలు వచ్చే రోజులు, మాకు నాలుగు డబ్బులు కనిపించేదీ ఇప్పుడే. అలాంటప్పుడు ఎందుకు ఆపామో మీకు వివరంగా చెప్పాలి. "బోటులోకి నీళ్ళు వస్తున్నాయట కదా, మునిగే ప్రమాదం ఏమైనా ఉందా?" అని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అది.

మనది విదేశంలో తయారైన ఫైబర్ యాట్, వయసు ముప్పై ఏళ్ళు దాటింది. ఇంజిన్లు బాగున్నాయి, ఫైబర్ గట్టిగా ఉంది. ఇబ్బందంతా లోపలి పైపులతోనే. బోటు అడుగున అన్నిటికన్నా పల్లంగా ఉండే భాగాన్ని బిల్జి అంటారు. ఈమధ్య ట్రిప్పు అయిన ప్రతిసారీ అందులో కాసిన్ని నీళ్ళు చేరుతున్నాయి. కింద కేబిన్లో సోఫా అడుగున చెమ్మ. బాత్రూంలో ఎంత కడిగినా పోని వాసన. ఆ వాసన సంగతి మీలో ఇద్దరు ముగ్గురు నాకే నేరుగా చెప్పారు, అలా చెప్పడం మంచిదైంది.

నీరు పల్లమెరుగు అంటారు. బోటులో చిక్కంతా అక్కడే. ముందువైపు కారిన నీళ్ళు నేల కింది దూలాల వెంబడి జారి వెనకాల ఇంజిన్ గదిలో తేలతాయి. తడి కనిపించిన చోటల్లా ఎం-సీల్ పూసుకుంటూ పోతే ఏ లీకూ ఆగదు. అందుకని అవి ఎక్కడివి అనేకన్నా ముందు, ఏ నీళ్ళు అన్నది చూశాం. నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చూపించే టీడీఎస్ మీటరు, ఆర్.ఓ. మెషిన్ బాగుచేసేవాళ్ళ దగ్గర ఉండేది, చాలు దానికి. సముద్రపు నీళ్ళలో సగటున లీటరుకి 35 గ్రాముల లవణాలు ఉంటాయి, అందులో ముంచితే మీటరు అంకె అందక చేతులెత్తేస్తుంది. ట్యాంకులో మనం పట్టిన మంచినీళ్ళయితే కొన్ని వందలు చూపిస్తుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు గాల్లోని తేమే కాబట్టి అంకె చాలా తక్కువ. బిల్జి నీళ్ళు, మన ట్యాంకు నీళ్ళు ఇంచుమించు ఒకే అంకె చూపించాయి. అంటే సముద్రం లోపలికి రావడం లేదు, మన ట్యాంకు నీళ్ళే కిందికి కారుతున్నాయి. అవి బోటులో ముందునుంచీ ఉన్న బరువే కాబట్టి వాటితో బోటు మునగదు. మీ ప్రశ్నకి సగం జవాబు ఇది. మిగతా సగం కింద ఉంది.

కుళాయిలన్నీ కట్టేసి జెట్టీ దగ్గర రాత్రంతా చూశాం. పైపు ఎక్కడైనా కారుతుంటే ఒత్తిడి తగ్గి పంపు మధ్యమధ్యలో దానంతటదే ఆడాలి. ఒక్కసారి కూడా ఆడలేదు, తెల్లారేసరికి బిల్జి పొడిగానే ఉంది. నిలబడి ఉన్నప్పుడు లేని లీకు నడిచినప్పుడు ఎందుకొస్తోంది? ప్రతి జాయింటు కిందా టిష్యూ పేపరు పరిచి, ప్యాసింజర్లు లేకుండా యారాడ కొండ దాటేదాకా వెళ్ళొచ్చాం. తిరిగొచ్చి చూస్తే అన్నీ పొడిగా ఉన్నాయి, గీజరు కింద పరిచిన పేపరు మాత్రం ముద్దయి ఉంది. బోటు నడిపే మా సరంగు అప్పుడే గీజరు పక్కనున్న రిలీఫ్ వాల్వు (ఒత్తిడి ఎక్కువైతే నీళ్ళు బయటికి వదిలేది) కింద వేలు పెట్టి చూపించాడు. వేడి చుక్క.

బోటు నడిచినప్పుడు ఇంజిన్ వేడితోనే గీజరు కాగుతుంది. 40 లీటర్ల నీళ్ళు 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకి వేడెక్కితే దాదాపు ఒక లీటరు పెరుగుతాయి. పంపు వాటిని వెనక్కి పోనివ్వదు కాబట్టి ఆ లీటరు వాల్వులోంచి బయటికి తోసుకొస్తోంది. వాల్వుకి బిరడా కొట్టేయమని ఒకాయన సలహా ఇచ్చారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పని, ఒత్తిడికి దారి లేకపోతే గీజరే పేలిపోవచ్చు. మీ ఇంట్లో గీజరుకైనా ఇదే మాట. వాల్వు కొత్తది వేసి, పెరిగే నీళ్ళకి చోటు ఉండేలా చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టించాం. పాత పైపుల స్థానంలో పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ పైపులు వేస్తున్నాం. ఇళ్ళలో వేసే సీపీవీసీ చవకే, కానీ గమ్ముతో అతికించిన బిర్రు జాయింట్లు ఇంజిన్ అదురుకి ఎక్కువ కాలం ఆగవు.

సోఫా కింద చెమ్మ ఏసీ ట్రేదని మీటరే చెప్పింది. ట్రే గొట్టానికి పాచి పట్టి నీళ్ళు పొంగుతున్నాయి, శుభ్రం చేశాం. బాత్రూం వాసనకి టాయిలెట్ రబ్బరు పైపే కారణం. వేడినీళ్ళలో పిండిన గుడ్డని పైపు చుట్టూ కాసేపు ఉంచి వాసన చూస్తే తెలిసిపోతుంది. పైపు ఎక్కడా చిల్లు పడలేదు, ఏళ్ళ తరబడి వాడేసరికి రబ్బరులోంచే వాసన బయటికొస్తోంది. మొత్తం మార్చేశాం.

ఇక ఆ మిగతా సగం. ఏసీకి సముద్రపు నీళ్ళు తీసుకునే చోట బోటు అడుగున ఒక వాల్వు ఉంది. అది కారడం లేదు. అయినా చాకుతో గీకి చూస్తే పసుపు రంగు రావాల్సిన లోహం గులాబీ రంగులో వచ్చింది. ఇత్తడిలోని జింకుని ఉప్పునీరు తినేసి రాగి మాత్రం మిగిలిందన్నమాట, దానికి బలం ఉండదు. రెండడుగుల లోతులో అంగుళం కన్నం పడితే నిమిషానికి 60 లీటర్లకి పైగానే నీళ్ళు లోపలికి వస్తాయి, అంటే పెద్ద వాటర్ క్యాన్లు మూడుకి పైనే. ఈరోజు కారకపోయినా, దాన్ని పెట్టుకుని మీ పిల్లల్ని ఎక్కించుకోవడం నా వల్ల కాదు. కాంస్యం వాల్వు తెప్పించాం.

దాన్ని బిగించాలంటే బోటుని ఒడ్డెక్కించాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం కాబట్టి హార్బర్లో మరబోట్లన్నీ ఇప్పుడే మరమ్మతుకి ఎక్కాయి. మెకానిక్కులు, వెల్డర్లు, వడ్రంగులు ఎవరూ ఖాళీగా లేరు. వేట మొదలయ్యేలోగా ఆ బోట్లు నీళ్ళలో దిగకపోతే ఎన్నో ఇళ్ళకి తిండి ఉండదు. వాళ్ళని తోసుకుని ముందుకెళ్ళాలని మాకు లేదు, వాళ్ళ తర్వాతే మన వంతు.

పని అయ్యాక ముందు ఖాళీ బోటుతోనే తిరిగి, బిల్జి చూసుకుని, అప్పుడు తేదీలు చెప్తాం. జులైలో అలలు ఎక్కువగా ఉన్న రోజు జెట్టీ వదలం, ఆ రోజు బుకింగ్ ఉన్నవాళ్ళు తేదీ మార్చుకోవచ్చు లేదా డబ్బు తీసుకోవచ్చు. రద్దయిన ట్రిప్పులవాళ్ళకే మొదట ఫోన్ వస్తుంది. ఎక్కే ముందు ఆ కొత్త వాల్వు చూడాలనిపిస్తే సరంగుని అడగండి, నేల చెక్క ఎత్తి చూపిస్తాడు.