వన్యప్రాణి చదువుల సంపాదన లెక్కలు కాలేజీలవారీగా బయటపెట్టాలి

సంపాదకులు గారికి,

పీజీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడితే కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో జంతుశాస్త్రం, పర్యావరణశాస్త్రం డిగ్రీ ముగించిన పిల్లలు అడిగేది ఒకటే. వన్యప్రాణుల వైపు పోతే మొదటి రెండేళ్లలో చేతికి ఎంత వస్తుంది, ఏ కాలేజీలో చదివితే ఎంత తేడా ఉంటుంది? నల్లమల పులులు, లంకమల కలివికోడి, రోళ్లపాడు బట్టమేక పిట్టలకు పేరుపడ్డ సీమలో ఈ మాట చెప్పే పట్టిక ఒక్కటైనా పిల్లల చేతికి అందాలి.

వివరాలు లేక కాదు. కాలేజీల ప్రమాణాలు తూచే న్యాక్ సంస్థ గుర్తింపు కోసం కాలేజీలు 5.2.1 అంశం కింద ఉద్యోగం వచ్చిన విద్యార్థి కోర్సు, చేరిన సంస్థ, చేరినప్పటి జీతం నింపుతూ వచ్చాయి. కేంద్రం కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్‌కు మధ్యగత జీతం (జీతాలన్నీ వరసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చే అంకె) కూడా ఇస్తారు. అయితే అక్కడ రెండేళ్ల పీజీలన్నీ కలిపేస్తారు. ఎంబీఏ జీతాల మధ్య జంతుశాస్త్రం లెక్క కనపడకుండా పోతుంది. ఉద్యోగం రానివారు ఆ మధ్యగతంలోకే రారు.

నెల జీతం చూసి మోసపోయే రంగం ఇది. పులుల గణన నాలుగేళ్లకోసారి జరుగుతుంది. జంతువు ఎదుటికి రాగానే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు పెట్టి, తీసి, ఫొటోలు వేరుచేసే నెలల్లోనే అదనంగా మనుషులు కావాలి. ఆ పని అయిపోతే ఒప్పందమూ అయిపోతుంది. ఉదాహరణకు నెలకు 25,000 చొప్పున ఏడు నెలలు పనిచేస్తే ఏడాదికి వచ్చేది 1,75,000, అంటే నెలకు 14,600 కూడా పడదు. అదే జాతీయస్థాయి పరీక్షలైన నెట్ గానీ గేట్ గానీ పాసై జూనియర్ రిసెర్చ్ ఫెలో (జేఆర్ఎఫ్)గా పరిశోధనలో చేరితే 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఒకే తరగతిలో చదివిన ఇద్దరి మధ్య ఇంత ఎడం తెచ్చేది చాలాసార్లు ఆ ఒక్క పరీక్షే. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ కొద్ది సీట్లకు దేశమంతటి నుంచి ఎంపిక చేసుకుంటాయి. అక్కడివారి జీతాన్ని మన కాలేజీలతో పోల్చాలంటే నెట్ పాసైనవారి సంఖ్య పక్కనే ఉండాలి.

ఇంకో సంగతి. ఇంటర్ అర్హతతో వచ్చే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టు మూలవేతనమే ఇటీవలి నోటిఫికేషన్ ప్రకారం 25,220. దానిమీద డీఏ. ఎంపిక పరీక్షలో మగవారు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవారు 16 కిలోమీటర్లు నడవాలి. రేంజ్ ఆఫీసర్‌కు 48,440తో మొదలు. ఎమ్మెస్సీ కాంట్రాక్టు ఉద్యోగం కన్నా ఇవి మెరుగని తెలిస్తే కొందరు ముందే ఆ దారి పట్టేవారు. డిగ్రీ పేరు కూడా చూసుకోవాలి: ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష అర్హతల జాబితాలో జంతుశాస్త్రం, అటవీశాస్త్రం ఉన్నాయి, వన్యప్రాణి నిర్వహణ అన్న పేరు లేదు.

అమెరికాలో కాలేజ్ స్కోర్‌కార్డ్ అని ప్రభుత్వమే కోర్సు, కాలేజీ వారీగా మధ్యగత సంపాదన ప్రకటిస్తుంది. వన్యప్రాణి కోర్సులూ అందులో ఉన్నాయి. దానికీ లోపాలున్నాయి. కేంద్ర ఆర్థిక సాయం పొందిన విద్యార్థులనే లెక్కిస్తారు, మరీ చిన్న తరగతుల అంకెలు దాచేస్తారు. మనవీ చిన్న తరగతులే. పదిమందికి తక్కువైతే మూడేళ్ల బ్యాచ్‌లు కలిపి చూపిస్తే సరిపోతుంది, పేర్లు అవసరం లేదు.

అడగాల్సింది ఇది: కోర్సు ముగించినవారెందరు, మొదటి 12 నెలల్లో, తర్వాతి 12 నెలల్లో మొత్తం ఎంత వచ్చింది, ఎన్ని నెలలు పని దొరికింది, అది రెగ్యులరా, కాంట్రాక్టా, ఫెలోషిప్పా. పైచదువుకు పోయినవారిని వేరే గడిలో చూపాలి. ఏమీ రానివారిని సున్నాతో లెక్కలో ఉంచాలి, జవాబివ్వని వారి సంఖ్యా రాయాలి. ఫోన్ సర్వే మీదే ఆధారపడితే బాగున్నవారే ఎక్కువ మాట్లాడతారు, అంకె ఉబ్బుతుంది. కాన్వొకేషన్ పట్టాకు దరఖాస్తు పెట్టేటప్పుడే ఈ ఒక్క పేజీ నింపించుకుంటే చాలామంది దొరుకుతారు.

యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ, రాయలసీమ విశ్వవిద్యాలయాలు మూడూ ఒకే నమూనాలో ఈ పట్టిక తయారుచేయాలి. వచ్చే పీజీసెట్ వెబ్ ఆప్షన్లు తెరిచేలోగా ఉన్నత విద్యామండలి దాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టించాలని కోరుతున్నాం.

— జంతుశాస్త్ర అధ్యాపకులు కొందరు, కడప