చివరి బెంచీలో ఎవరు కూర్చుంటారు?

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ పత్రిక జిల్లా పేజీలో ఒక ఫొటో చూశాను. బ్యానరు ముందు ముప్ఫై మంది దాకా కళాశాల అధ్యాపకులు, చేతుల్లో ధ్రువపత్రాలు, మధ్యలో శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి. పైన 'అధ్యాపకుల శిక్షణ విజయవంతం' అని శీర్షిక. విజయవంతమైందని ఎవరు తేల్చారు? అక్కడ నేర్చుకున్నది తరగతి గది దాకా వచ్చిందో లేదో చూసినవారు ఒక్కరైనా ఉన్నారా? ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అలాంటి ఫొటోల్లో నేనూ రెండు మూడు సార్లు నిలబడ్డాను కాబట్టి ఈ మాట అడుగుతున్నాను.

మన దేశంలో ఒక విచిత్రం ఉంది. ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించాలంటే ఉపాధ్యాయ శిక్షణ తప్పనిసరి. బీఈడీ చదివేవారు పాఠ్య పథకం రాసుకుని నిజమైన బడిలో పాఠం చెబుతారు. పర్యవేక్షకుడు వెనక బెంచీలో కూర్చుని తప్పులు రాసుకుంటాడు. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి మాత్రం పీజీ, దానిపైన నెట్టో సెట్టో అనే అర్హత పరీక్ష గాని, పీహెచ్‌డీ గాని ఉంటే చాలు. నెట్ మొదటి పేపరులో బోధన, పరిశోధన సామర్థ్యం వగైరాల మీద యాభై ప్రశ్నలు ఉంటాయి. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించాలి. ఈత గురించి బిట్లు రాయించి చెరువులో దింపడం లాంటిదే ఇది. ఉద్యోగంలో చేరిన రోజున మా ప్రిన్సిపాల్ గారు హాజరు పట్టీ, సుద్దముక్కల పెట్టె చేతికిచ్చి "పై అంతస్తు, బీఏ రెండో సంవత్సరం" అన్నారు. నా శిక్షణ అంతే.

ఈ లోటు ఢిల్లీకి తెలియనిది కాదు. 1986 జాతీయ విద్యావిధానం వచ్చాక మరుసటి ఏడాది నుంచే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) అధ్యాపకుల శిక్షణ కోసం దేశమంతటా అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టించింది. ఉస్మానియాలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, విశాఖలో, తిరుపతిలో మన అధ్యాపకులు వేల సంఖ్యలో ఓరియెంటేషన్లకూ (కొత్తగా చేరినవారి శిక్షణ) రిఫ్రెషర్లకూ (సబ్జెక్టును తాజాపరచే శిక్షణ) వెళ్లివచ్చారు. 2015లో వాటి పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలైంది. 2023 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం నాడే, కేంద్ర విద్యాశాఖ మాలవీయ మిషన్ శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించి వాటికి మూడో పేరు పెట్టింది. అప్పటికి దేశంలో ఇలాంటి కేంద్రాలు 111. బోర్డు రాసే పెయింటరుకు చేతినిండా పని దొరికింది.

వెటకారానికి అన్నాను గాని, ఆ కేంద్రాలను తీసిపారేసేవాణ్ణి కాను. నాకు జరిగిన మేలు చెబుతాను. చేరిన రెండు మూడేళ్లకు నాలుగు వారాల ఓరియెంటేషన్‌కు పంపారు. హాస్టల్లోనే బస. రోజుకు ఆరు గంటల ఉపన్యాసాలు. వాటిలో చాలావరకు ఆ సాయంత్రమే మరచిపోయాను. మూడో వారంలో మాత్రం ఒక్కొక్కరం పావుగంట పాఠం చెప్పాలన్నారు, తోటివారే విద్యార్థులు. నేను డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్న పాఠం, ఎంచుకున్నాను. నల్లబల్ల మీద చక్కగా రేఖాపటం గీశాను, గర్వంగా వెనక్కి తిరిగాను. రాయలసీమ నుంచి వచ్చిన ఒక జంతుశాస్త్రం మేడమ్ లేచి ఇలా అన్నారు: "మాస్టారూ, గీస్తున్నంతసేపూ మీరు బోర్డుతోనే మాట్లాడారు. ఆ గీత ఎందుకు గీస్తున్నారో మాకు చెప్పలేదు. నేను కప్పను కోసే ముందు ఏ అవయవం కోసం వెతుకుతున్నామో పిల్లలకు చెప్పి కత్తి పట్టుకుంటాను."

చెవులు ఎర్రబడ్డాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాని తిరిగి వచ్చాక ఆ పాఠం ఏనాడూ గీతతో మొదలుపెట్టలేదు. "ఉప్పు ధర రెట్టింపైతే మీ ఇంట్లో ఉప్పు తగ్గించి వాడతారా? యాపిల్ ధర రెట్టింపైతే?" అని అడిగేవాణ్ణి. తరగతి తానే వాదించుకునేది. గీత చివర్లో వచ్చేది, వచ్చినప్పుడు ఎవరికీ భయం వేసేది కాదు. నాలుగు వారాల్లో నాకు మిగిలింది ఆ రెండు నిమిషాలు. వేరే సబ్జెక్టు మనిషి, నా పాఠం విని, నా ముఖం మీద చెప్పిన మాట.

ఆ రెండు నిమిషాలే ఇప్పుడు శిక్షణలో కరవైపోయాయి. కారణం అందరికీ తెలుసు. శిక్షణకు పదోన్నతిని ముడిపెట్టారు. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ అనే పదోన్నతి పథకం కింద పై స్కేలు రావాలంటే ధ్రువపత్రాలు చూపాలి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం తొలి మెట్టుకు 21 రోజుల ఓరియెంటేషన్ ఉండాలి, దానితోపాటు రిఫ్రెషరో వారం రోజుల కార్యక్రమమో మూక్ అనే ఆన్‌లైన్ కోర్సో చూపాలి. ముడిపెట్టడంలో తప్పు లేదు, ముడిపెట్టకపోతే సగం మంది వెళ్లరు. కాని నిబంధన అడిగేది కాగితాన్ని. ఏది అడిగితే మనుషులు దాన్నే తెస్తారు, అర్థశాస్త్రంలో మేం మొదటి నెలలోనే చెప్పే సంగతి ఇది. కళాశాలల లెక్క కళాశాలలది. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కు ఎంతమంది అధ్యాపకులు శిక్షణ పొందారో అంకె చూపాలి. అంకె పెరిగితే యాజమాన్యానికి సంతోషం, ధ్రువపత్రం వస్తే అధ్యాపకుడికి సంతోషం. ఈ లావాదేవీలో విద్యార్థి ఊసే లేదు.

కోవిడ్ తర్వాత ఈ వ్యవహారం మరీ సులువైంది. మా మేనకోడలు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో పనిచేస్తుంది. సంక్రాంతి ముందు వాళ్లింటికి వెళ్తే బల్ల మీద ల్యాప్‌టాప్‌లో ఎవరో పెద్దాయన విద్యార్థి కేంద్రిత బోధన గురించి గంభీరంగా చెబుతున్నారు. ఇది వంటగదిలో చిక్కుళ్లు ఒలుస్తోంది. కెమెరా ఆపేసి ఉంది. "ఏమే, వినడం లేదా?" అన్నాను. "నాలుగున్నరకు ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు పెడతారు మామయ్యా, అది నింపితేనే హాజరు. దానికి అలారం పెట్టుకున్నాను" అంది. దాన్ని తప్పుపట్టలేను. వారానికి ఇరవై గంటలకు పైగా పాఠాలు, ల్యాబులు, ప్రవేశాల కాలంలో ఇంటింటి ప్రచారం కూడా దాని నెత్తి మీదే. ఆ శిక్షణ రోజుల్లో కూడా ఉదయం క్లాసులు తీసుకుని వచ్చిందట. విద్యార్థి కేంద్రిత బోధన మీద ఆరు గంటలు ఏకధాటిగా ఉపన్యసించిన ఆ పెద్దాయన ఒక్క ప్రశ్న అయినా అడిగారో లేదో మాత్రం దానికి గుర్తులేదు.

ఇంతకూ అధ్యాపకులకు ఇప్పుడు నిజంగా అవసరమైనది ఏమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ మొదటి సంవత్సరం మొత్తం ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లవాడు హఠాత్తుగా వృక్షశాస్త్రాన్ని ఇంగ్లిష్‌లో వినవలసి వచ్చింది. చెప్పే మేడమ్ కూడా పదిహేనేళ్లుగా తెలుగులో చెబుతున్నవారే. ఆమె ఏం చేస్తుంది? ఇంగ్లిష్ వాక్యం చదివి, తెలుగులో వివరించి, పరీక్షకు మళ్లీ ఇంగ్లిష్ నోట్సు రాయిస్తుంది. ఈ మూడు పనుల మధ్య సమయం ఎలా పంచుకోవాలి, ఏ పదాన్ని తెలుగులో స్థిరపరచి తర్వాత ఇంగ్లిష్ అంటించాలి, జవాబులో భాష తప్పుకు మార్కు తగ్గించాలా, భావం తప్పుకా? ఇవి చేతిపని లాంటి ప్రశ్నలు. వీటికి ఢిల్లీ నుంచి వచ్చే స్లైడ్లలో జవాబు ఉండదు. కర్నూలులోనో శ్రీకాకుళంలోనో ఇదే అవస్థ పడుతూ ఒక ఉపాయం కనిపెట్టిన మరో అధ్యాపకురాలి దగ్గర ఉంటుంది. ఆ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టడమే శిక్షణ. కృత్రిమ మేధ రాసిపెట్టిన అసైన్‌మెంట్ల గొడవా ఇలాంటిదే. దాని మీద సదస్సులు చాలా జరుగుతున్నాయి, ప్రశ్నపత్రాలు మాత్రం పాతవే.

ఇంకో మాట లేకుండా ఈ ఉత్తరం పూర్తికాదు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లోనూ ఖాళీలు ఏళ్ల తరబడి పేరుకుపోయి, పాఠాల భారంలో పెద్ద భాగం కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల మీద పడింది. తాత్కాలిక అధ్యాపకులను కోర్సుల్లో చేర్చుకోవచ్చని యూజీసీ పాత మార్గదర్శకాల్లోనే ఉంది. కాని గంటకింత అని జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్ మూడు వారాలు శిక్షణకు వెళ్తే ఆ మూడు వారాల కూలి ఎవరిస్తారు? తిరిగి వచ్చేసరికి ఆ గంటలు ఇంకొకరికి ఇచ్చేసి ఉంటారేమోనన్న భయం వేరు. పదోన్నతి లేదు కాబట్టి ధ్రువపత్రంతో పని కూడా లేదు. పాఠం ఎక్కువగా చెప్పేవారికి శిక్షణ అందడం లేదు. అందేవారికి అది సర్వీసు రిజిస్టరులో ఒక పంక్తిగా మిగులుతోంది.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఉపన్యాసాల రోజులు సగానికి తగ్గించండి. శిక్షణ ముగిసిన రెండు మూడు నెలలకు, ముందే చెప్పి, ఒక తోటి అధ్యాపకుడు ఆ తరగతిలో చివరి బెంచీలో ఒక గంట కూర్చోవాలి. తర్వాత టీ తాగుతూ చూసింది చెప్పాలి. వేరే కళాశాల మనిషైతే మేలు, వేరే సబ్జెక్టు అయితే ఇంకా మేలు. ధ్రువపత్రం ఆ సంభాషణ జరిగాకే ఇవ్వండి. గెస్ట్ అధ్యాపకులు శిక్షణలో గడిపిన గంటలకు తరగతి గంటల రేటే కట్టివ్వండి.

దీనికి అధ్యాపక సంఘాల నుంచి అభ్యంతరం వస్తుందని తెలుసు. నేనూ సంఘంలో పనిచేసినవాణ్ణే. తరగతిలోకి మనిషిని పంపడమంటే రేపు ప్రిన్సిపాల్ చేతికి కర్ర ఇవ్వడమేనని వారి భయం, అది ఉత్త భయమూ కాదు. అందుకే ఆ వచ్చినవారు మార్కులు వేయకూడదు, నివేదిక రాయకూడదు, వారు వచ్చిన తేదీ తప్ప ఏ కాగితమూ ఎవరికీ వెళ్లకూడదు. ఆనాడు ఆ జంతుశాస్త్రం మేడమ్ నా గురించి ఎక్కడైనా రాసి ఉంటే నేను నేర్చుకునేవాణ్ణి కాదు, పోట్లాడేవాణ్ణి.

వెళ్లడానికి మనుషులెక్కడ దొరుకుతారంటే, విశ్రాంత అధ్యాపకులం ప్రతి ఊళ్లో ఉన్నాం. ఉదయం నడక, పేపరు అయ్యాక పది గంటల నుంచి మాకు పెద్దగా పని ఉండదు. తెనాలి నుంచి బస్సులో గంటన్నర దూరం దాకా ఎక్కడికి పిలిచినా నేను సిద్ధం. టీఏ, డీఏ అక్కర్లేదు, వెనక వరుసలో ఫ్యాను ఉన్న బెంచీ ఒకటి చాలు.

ఇట్లు
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి