ఇంటి ధర దిగినప్పుడు పన్ను కూడా దిగాలి: పురపాలక మంత్రి గారికి బహిరంగ లేఖ

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి పొంగూరు నారాయణ గారికి, నమస్కారం.

మీరు గెలిచిన నెల్లూరు నుంచే రాస్తున్నాం, ఇక్కడ ఇంటిపన్ను అర్జీలు రాసిపెట్టేవాళ్ళం. 2021 నవంబరులో పెన్నా నీళ్ళు చొరబడిన వీధుల్లో ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళ కళ్ళు ముందు వెతికేది గోడమీద నీటి మరకనే. ఇంకొన్ని వీధుల్లో సిమెంటు రోడ్డు మీదే మళ్ళీ సిమెంటు రోడ్డు పోస్తూ పోయారు, ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు మెట్లు దిగి వెళ్ళాలి. బేరంలో ఈ తేడా లక్షల్లో తేలుతుంది. పన్ను నోటీసులో మాత్రం రూపాయి కూడా తగ్గదు.

2020 నవంబరు నాటి జీవో 198 ఇంటిపన్ను లెక్కలో అద్దె విలువను (ఇల్లు అద్దెకిస్తే వచ్చే మొత్తాన్ని) తీసేసి మూలధన విలువను (ఆస్తికి కట్టే విలువను) తెచ్చింది. స్థలానికైనా మిద్దెకైనా రిజిస్ట్రేషన్ శాఖ విలువే లెక్క. నివాసాలకు అందులో 0.10 నుంచి 0.50 శాతం దాకా పన్ను, ఏటా పెంపు మాత్రం 15 శాతం దాటకూడదు. జనం ఎక్కువగా పొరబడేది ఈ 15 శాతం దగ్గరే. ఉదాహరణకు 0.15 శాతం రేటున్నచోట 30 లక్షల ఇంటికి అసలు పన్ను, అంటే విలువ ప్రకారం పూర్తిగా పడాల్సింది, ఏడాదికి 4,500. ఏటా 15 శాతమే పెరుగుతూ వస్తోంది కాబట్టి ఇప్పుడు కడుతున్నది 2,400 అనుకుందాం. విలువ 20 లక్షలకు దిగితే అసలు పన్ను 3,000. అంటే తగ్గింపు ఒప్పుకున్నా వచ్చే ఏడు 2,760 వస్తుంది, ఆ పై ఏడు 3,000 దగ్గర ఆగిపోతుంది. ఒప్పుకోకపోతే అయిదేళ్ళలో 4,500కు చేరుతుంది. అందుకే 'ఈ ఏటి పన్ను తగ్గించండి' అని అర్జీ రాస్తే లాభం లేదు, మూలధన విలువనే ప్రశ్నించాలి.

రుజువు సంగతి ఇంకా చిక్కు. పక్కింటి అమ్మకం దస్తావేజు తెమ్మంటారు. రిజిస్ట్రేషన్ శాఖ కట్టిన ప్రభుత్వ విలువకంటే తక్కువకు అమ్మినా స్టాంపు సుంకం ఆ విలువ మీదే కట్టాలి కాబట్టి దస్తావేజులో ఎవరూ అసలు ధర రాయరు. పడిపోయిన ధర కాగితానికెక్కే దారే లేదు! అందుకని బ్యాంకు వేలం ప్రకటనలోని రిజర్వు ధరను (వేలంలో అడిగే కనీస ధరను), బ్యాంకు ప్యానెల్ వాల్యుయర్ (ఆస్తి విలువ కట్టడానికి బ్యాంకు ఎంచుకున్న నిపుణుడి) నివేదికను, గడప రోడ్డుకంటే ఎన్ని అంగుళాలు పల్లమో తెలిసేలా టేపు పెట్టి తీసిన ఫోటోను సాక్ష్యంగా ఒప్పుకోవాలని స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వండి.

చాలా అర్జీల్లో విలువదాకా వెళ్ళకముందే తప్పు కొలతల్లో దొరుకుతుంది. పాత దస్తావేజుల్లో స్థలం కొలత అంకణాల్లో ఉంటుంది. అంకణమంటే 36 చదరపు అడుగులనే ఊరుంది, 72 అనే ఊరూ ఉంది. ఆ ఒక్క పొరపాటుతో స్థలం రెట్టింపవుతుంది. సందులోని ఇంటికి మెయిన్ రోడ్డు రేటు పడటం, కూల్చేసిన పై అంతస్తు లెక్కలో మిగిలిపోవడం, రేకుల వసారాను స్లాబుగా రాయడం కూడా మామూలే. కొలతల షీటును నోటీసుతోపాటే ఇస్తే సగం అర్జీలు పుట్టవు.

రివిజన్ పిటిషన్‌లో (పన్ను లెక్కను మళ్ళీ చూడమని పెట్టే అర్జీలో) 'విలువ పడిపోయింది' అనే కారణానికి విడిగా గడి పెట్టించండి. గడువును ఇంటివాళ్ళు నోటీసు అందుకుని సంతకం చేసిన రోజునుంచే లెక్కించాలి, తాళం వేసిన తలుపుకు అంటించిన రోజునుంచి కాదు. అర్జీ తేలేదాకా పన్ను ఆపితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, కాబట్టి పన్ను కట్టేశాకే అర్జీ పెట్టాలని వార్డు సచివాలయంలో బోర్డు రాయించండి. ఎక్కువ కట్టిన సొమ్మును తర్వాతి అర్ధసంవత్సరంలో సర్దాలి.

2025 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ విలువలు సవరించినప్పుడు కొన్ని చోట్ల తగ్గించారు కూడా. అలా తగ్గినచోట ఇంటివాళ్ళు అర్జీ పట్టుకుని తిరగకుండా ఆ ఏటి నోటీసులోనే కొత్త లెక్క రావాలి. సవరణ ముసాయిదాను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడకే వదిలేయకుండా వార్డు సచివాలయాల్లోనూ పెట్టించండి. ఆ ఆఫీసు మెట్లెక్కేది కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు. పన్ను కట్టేవాళ్ళకు అక్కడ పనేముంటుంది?

ఇట్లు,
ఇంటిపన్ను అర్జీలు రాసిపెట్టే కొలతదారులు, దస్తావేజు లేఖరులు,
నెల్లూరు.