యూనియన్‌లో చేరే ముందు ఒక్క మాట
అందరికీ నమస్కారం. యూనియన్ ఫారమ్ నింపాలా వద్దా అని క్యాబిన్ క్రూలో చాలామంది అడుగుతున్నారు. నేను చేరాను. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సిబ్బంది ఒకేసారి సిక్ లీవ్ పెడితే దాదాపు 25 మందిని తీసేశారు. ఢిల్లీలో కార్మిక వివాదాలు చూసే కేంద్ర అధికారి చీఫ్ లేబర్ కమిషనర్ ముందు యూనియన్ కూర్చుని మాట్లాడాకే వాళ్లను మళ్లీ తీసుకున్నారు. ఎవరికి వాళ్లు విడిగా వెళ్లి ఉంటే పని జరిగేదని నాకు నమ్మకం లేదు.

ఇబ్బందులూ చెప్పాలి. చందా కట్టాలి. మెజారిటీ నిర్ణయం మనకు నచ్చకపోవచ్చు. యూనియన్ ఉంది కదా అని తొందరపడొద్దు. కొత్త కార్మిక చట్టం (ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్) ప్రకారం సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది కలిసి ఒకేరోజు క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. ప్రొబేషన్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు టెన్షన్ పడకుండా నాకు ఫోన్ చేయండి. ఆదివారం నాకు డ్యూటీ లేదు.